వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ గాలి: చిన్న పీఎం 2.5 మీటర్ వాడినంక నా రివ్యూ

ఇది చేతిలో పట్టేంత సైజున్న పీఎం 2.5 మీటర్ గురించి. గాలిలో సన్న పొగ ఎంతుందో స్క్రీన్ మీద నంబర్ చూపించే డబ్బా. వానాకాలం వడ్ల కోతలు, ఆ తర్వాత చలికాలం, మళ్లీ యాసంగి కోతలు అన్నీ దాటేదాకా వాడి ఇప్పుడు రాస్తున్నా, ఎందుకంటే ఆన్‌లైన్‌లో నాకు దొరికిన రివ్యూలన్నీ పెద్ద సిటీల్లో ఫ్లాట్లలో ఉండేవాళ్లు డబ్బా విప్పిన రోజే రాసినట్టున్నయి, వడ్లూ మిల్లులూ ఉన్న ఊర్లో ఇది ఎట్ల పనిచేస్తదో ఎవరూ రాయలే. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. లోపల ఒకే రకం లేజర్ సెన్సార్ పెట్టి పైన పేర్లు మార్చి చాలామంది అమ్ముతున్నరు, నేను చెప్పేది ఆ రకం మీటర్లన్నింటికీ వర్తిస్తది. నాకు నాలుగు వేల లోపే పడింది.

ముందే చెప్తున్నా, ఇంట్లో దమ్ము (ఆస్తమా) ఉన్నవాళ్లు గానీ పసిపిల్లలు గానీ గుండె జబ్బున్న పెద్దవాళ్లు గానీ ఉంటే కొనండి. మన ఊర్లో చెడ్డగాలికి ఒక టైం టేబుల్ ఉంది, ఏ గంటకి పెరుగుతది ఏ గంటకి తగ్గుతది అనేది మనం ముక్కుతో కనిపెట్టలేం, ఈ మీటర్ అది చూపిస్తది. నా దృష్టిలో పెట్టిన పైసలన్నీ ఆ ఒక్కదానికే.

మిర్యాలగూడ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. సాగర్ ఎడమ కాలువ కింద ఊరు, నీళ్లున్న ఏడాది రెండు పంటలూ వరే. ఊరి చుట్టూ రైస్ మిల్లులు, అందులో ఉప్పుడు బియ్యం ఆడించే మిల్లులు బాగా ఎక్కువ. నార్కట్‌పల్లి అద్దంకి హైవే ఊరి మీద నుంచే పోతది కాబట్టి లారీలు ఎప్పుడూ ఆగవు, కోతలప్పుడు పచ్చి వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరి ఇంజన్లు ఆన్‌లో పెట్టుకుని ముందుకి జరుగుతా ఉంటయి. దామరచర్ల దిక్కు పోతే వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కూడా వచ్చింది. మన జిల్లా కేంద్రం నల్గొండ అయితే 2019లో కేంద్రం మొదలుపెట్టిన క్లీన్ ఎయిర్ ప్రోగ్రాం లిస్టులోనే ఉంది, అంటే గాలి ప్రమాణాలు వరుసగా దాటిన ఊర్లలో ఒకటని గవర్నమెంటే ఒప్పుకున్నట్టు. ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే మిర్యాలగూడకి కూడా ఏదో ఒక ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే సూచిక నంబర్, కనపడుతది గానీ అట్లాంటివి చాలావరకు ఉపగ్రహాల లెక్కలు, ఎక్కడో దూరంగా ఉన్న స్టేషన్లు కలిపి కంప్యూటర్ వేసిన అంచనాలు. మన ఇంటి వెనక కోత అయిన మడిలో మిగిలిన గడ్డికి ఇప్పుడే నిప్పు పెట్టిన్రని దానికి ఎట్ల తెలుస్తది?

మా అమ్మకి దమ్ము ఉంది. ప్రతి ఏడాది దీపావళి దాటినంక ఇన్‌హేలర్ వాడకం పెరుగుతది, డాక్టర్ గారు పొగకి దూరంగా ఉండమ్మా అంటరు, ఎప్పుడు దూరంగా ఉండాలి ఏ టైంలో కిటికీ మూయాలి అనేది మాత్రం మనమే చూసుకోవాలి. అందుకే తెప్పించిన.

డబ్బా లోపల ఏముంటదంటే, చిన్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతది, ఆ గాలి మీద లేజర్ కాంతి పడుతది, రేణువులుంటే కాంతి చెదురుతది, ఎంత చెదిరిందో దాన్ని బట్టి లెక్క కట్టి ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాములు అని చూపిస్తది. పీఎం 2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకన్నా సన్నవి, మన వెంట్రుక మందం యాభై మైక్రాన్ల పైనే ఉంటది కాబట్టి ఇవి ఎంత సన్నవో ఆలోచించండి. ముక్కులో వెంట్రుకలకి, గొంతులో తెమడకి చిక్కకుండా నేరుగా ఊపిరితిత్తుల లోపలి దాకా పోతయి. గడ్డి పొగలో రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ కన్నా సన్నవే, అదే సైజు ఈ లేజర్ సెన్సార్ బాగా పట్టుకునేది కూడా. అంటే మన ఊరి ముఖ్యమైన సమస్యకి ఇది సరిగ్గా సరిపోయే పనిముట్టు.

కొన్నరోజే ఒక పరీక్ష చేయండి. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఫ్యాన్ సన్నగా తిరిగే చప్పుడు వినపడాలి, ఊదుబత్తి వెలిగించి అడుగు దూరంలో పెడితే కొన్ని సెకన్లలోనే నంబర్ ఎగబాకాలి, తీసేసి కిటికీ తెరిస్తే మెల్లగా దిగాలి. వెయ్యి పన్నెండు వందలకి దొరికే కొన్నింటిలో లేజర్ ఉండదు, ఏదో గ్యాస్ సెన్సార్ పెట్టి నంబర్ మాత్రం పీఎం 2.5 అని చూపిస్తరు, ఊదుబత్తికి అవి కూడా ఎగరొచ్చు, కాబట్టి ఫ్యాన్ చప్పుడు వినపడకపోతే అనుమానించండి. అట్ల దొరికితే వెంటనే వాపస్ పంపండి, రిటర్న్ టైం దాటిందంటే ఎవరూ పట్టించుకోరు.

నంబర్ నిజమేనా అని నాకూ అనుమానం ఉండె, అందుకే హైదరాబాద్ పోయినప్పుడు వెంట తీసుకపోయిన. సనత్‌నగర్ దగ్గర చుట్టాల ఇల్లుంది, అక్కడ పొల్యూషన్ బోర్డు స్టేషన్ ఉంది, దాని గంట గంట రీడింగ్ సెంట్రల్ పొల్యూషన్ బోర్డు వాళ్ల సమీర్ యాప్‌లో చూడొచ్చు. పక్కపక్కన పెట్టి చూస్తే నంబర్లు అచ్చం ఒకటి కావు గానీ పెరిగేటప్పుడు రెండూ పెరుగుతున్నయి తగ్గేటప్పుడు రెండూ తగ్గుతున్నయి, నా మీటర్ రాత్రిపూట కొంచెం ఎక్కువ చూపిస్తున్నది. ఇంట్లో వాడకానికి అంత చాలు అనిపించింది నాకు.

ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఒకటుంది, నిదానంగా చదవండి. మీటర్‌లో రెండు నంబర్లు ఉంటయి, ఒకటి మైక్రోగ్రాములు, ఇంకోటి ఏక్యూఐ. ఆ ఏక్యూఐ చాలా మీటర్లలో అమెరికా లెక్క. మన దేశం లెక్కలో పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములు ఉంటే ఏక్యూఐ 100, అంటే ఇంకా సంతృప్తికరం అన్న గడిలోనే ఉన్నట్టు, అదే అరవై అమెరికా లెక్కలో 150 దాటి ఎర్ర రంగులో పడుతది. గాలి ఒకటే, రంగులు వేరు. ఇంకోటి, సమీర్‌లో చూపించే ఏక్యూఐకి పీఎం 2.5ని గడిచిన 24 గంటల సగటు మీద లెక్కేస్తరు, మన మీటర్ ఈ నిమిషం సంగతి చెప్తది, కాబట్టి రెండూ కలవట్లేదని మీటర్ పాడైందనుకోకండి. నా సలహా ఏక్యూఐ వదిలేసి మైక్రోగ్రాములే చూడండి. మన దేశం పెట్టుకున్న హద్దు రోజు సగటు 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. మా ఇంట్లో అమ్మ కోసం పెట్టుకున్న గీత 60 కన్నా బాగా కిందనే ఉంది, దమ్ము ఉన్నవాళ్లకి 60 దాకా ఆగాల్సిన పని లేదని నా అభిప్రాయం.

ఇంక అసలు సంగతి, సీజన్. వానలు పడే నెలల్లో మీటర్ చూడాల్సిన పనే లేదు, గాలి కడిగినట్టుంటది, నంబర్ అడుగున పడి ఉంటది. అక్టోబర్ చివర నుంచి కోత మిషన్లు మడిలోకి దిగుతయి, అప్పటి నుంచి సంక్రాంతి దాకా ప్రతి రోజూ దాదాపు ఒకే కథ. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగైదు దాకా నంబర్ తక్కువ, ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తది కాబట్టి పొగ చెదిరిపోతది. రైతులు గడ్డి అంటుపెట్టేది ఎక్కువగా మధ్యాహ్నం దాటినంక, మంచు తడి ఆరినంక. పొద్దుగూకినంక నేల తొందరగా చల్లబడుతది, కింద గాలి చల్లగా పైన గాలి వెచ్చగా ఉంటది, అప్పుడు ఊరి మీద మూత పెట్టినట్టే, సాయంత్రం లేచిన పొగ, మిల్లుల పొగ, లారీల పొగ అంతా కిందనే ఉండిపోతది. రాత్రి ఎనిమిది తొమ్మిదికి నంబర్ ఎక్కుడు మొదలుపెట్టి తెల్లారుజామున ఇంకా మీదికి పోతది, మూడంకెల్లో చూసిన రాత్రులు చాలా ఉన్నయి, మళ్లీ దిగేది పొద్దున తొమ్మిది తొమ్మిదిన్నరకి బాగా ఎండ పడ్డాకనే.

ఇప్పుడు మన అలవాట్లు చూడండి. పొద్దున ఐదున్నరకి లేచి తాజా గాలి అని కిటికీలన్నీ బార్లా తెరుస్తం, పెద్దవాళ్లు ఎన్‌ఎస్‌పీ క్యాంపు దిక్కో కాలువ కట్ట దిక్కో వాకింగ్ పోతరు, మధ్యాహ్నం ఎండా దుమ్మూ వస్తయని తలుపులు మూస్తం. కోతల సీజన్‌లో ఇది పూర్తిగా ఉల్టా. గాలి బాగున్న గంటల్లో ఇల్లు మూసి, చెడిపోయిన గంటల్లో తెరుస్తున్నం. మీటర్ పెట్టినంక మా ఇంట్లో మధ్యాహ్నం కిటికీలు తెరిచి, పొద్దుగూకే ముందే మూసేసుడు మొదలుపెట్టినం, అమ్మ వాకింగ్ సాయంత్రం నాలుగున్నరకి మారింది. మందులు డాక్టర్ చెప్పినయే, వాటిలో ఏమీ మార్చలే. పోయిన డిసెంబర్‌లో రాత్రిపూట లేచి కూర్చునుడు బాగా తగ్గింది అమ్మకి. ఒక్క మీటర్ వల్లనే అని నేను అనను, ఆ మార్పు మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుస్తున్నది, నాకు దీనికి మించి ఏం కావాలి.

మంచు కురిసే పొద్దున్నల సంగతి వేరే చెప్పాలి. డిసెంబర్ జనవరిలో పొగమంచు పట్టినప్పుడు ఈ మీటర్లు నీటి తుంపరని కూడా రేణువులు అనుకుని లెక్కేస్తయి, తేమ ఎనభై ఎనభై ఐదు శాతం దాటిందంటే నంబర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తది. గవర్నమెంట్ స్టేషన్లలో గాలిని లోపలికి తీసుకునేటప్పుడు వేడిచేసి తడి తీసే ఏర్పాటు ఉంటది, మన డబ్బాలో అది లేదు. కాబట్టి స్క్రీన్ మీద పక్కనే తేమ శాతం కూడా చూడండి, బాగా ఎక్కువుంటే నంబర్‌ని కొంచెం తగ్గించి అర్థం చేసుకోండి. అట్లని మంచు రోజుల్లో గాలి శుభ్రంగా ఉందని కాదు, పొగా మంచూ కలిసే ఉంటయి, ఎంత ఏది అనేది ఈ మీటర్ విడదీసి చెప్పలేదు.

మిల్లుల బూడిద విషయంలో మాత్రం ఇది ఫెయిల్. మిల్లుల దగ్గరి కాలనీల వాళ్లకి చెప్పే పని లేదు, పొద్దున డాబా మీద ఆరేసిన బట్టల మీద, బండి సీటు మీద, నీళ్ల ట్యాంకు మూత మీద నల్లగా సన్నగా పరుచుకుని ఉంటది. వడ్ల బరువులో ఐదో వంతు దాకా ఊకనే, ఆ ఊకనే బాయిలర్లో పోసి ఉప్పుడు బియ్యానికి ఆవిరి తీస్తరు, ఊక కాలితే మళ్లీ అందులో ఐదో వంతు బూడిద మిగులుతది. అంటే వంద టన్నుల వడ్లు ఆడితే ఇరవై టన్నుల ఊక, అది మొత్తం కాలిస్తే నాలుగు టన్నుల బూడిద. దాన్ని పట్టే యంత్రం సరిగ్గా పెట్టి సరిగ్గా నడిపిస్తే సంచుల్లోకి పోతది, లేకపోతే మన డాబాల మీదికి వస్తది. ఆ బూడిద ఎక్కువ భాగం సిలికా, కంట్లో పడితే గరగరలాడుతది. రేణువులు పెద్దవి కావడం వల్ల ఈ మీటర్ వాటిని సరిగ్గా పట్టలేదు, డాబా అంతా నల్లగా ఉన్న రోజు కూడా నంబర్ మామూలుగానే చూపించింది. స్క్రీన్ మీద పీఎం 10 అని ఇంకో నంబర్ ఉంటది, దాన్ని అస్సలు నమ్మకండి, సన్న రేణువుల లెక్క నుంచి అంచనా కట్టిందే తప్ప నిజంగా కొలిచింది కాదు. బూడిద మీద కంప్లైంట్ ఇవ్వాలంటే ఈ మీటర్ ఫొటోలు పనికిరావు, డాబా మీద తెల్ల కాగితం రాత్రంతా పెట్టి పొద్దున ఫొటో తీసుడు దీనికన్నా నయం.

యాసంగి కోతలు ఏప్రిల్ మే. అప్పుడు ఎండలు మండుతయి, గాలి బాగా కదులుతది, అందుకే బయట నంబర్ చలికాలమంత పైకి పోదు. నేను బాగా ఆశ్చర్యపోయింది ఇంటి లోపలి నంబర్ చూసి. కిటికీకి పెట్టిన కూలర్ నడుస్తుంటే బయట గాలినే లోపలికి గుంజుతది కదా, పక్క మడి గడ్డి కాలిన సాయంత్రం కూలర్ ముందు పెడితే లోపలా బయటా దాదాపు ఒకటే నంబర్. గడ్డి తడికలు ఈ పొగని ఆపలేవు. అమ్మ మంచం సరిగ్గా కూలర్ ఎదురుగా ఉండేది. ఇప్పుడు పొగ వాసన తగలగానే కూలర్ బంద్ చేసి, కిటికీ మూసి, ఫ్యాన్ మీదనే గంటా రెండు గంటలు ఓర్చుకుంటున్నం, కష్టమే, ముప్పై ఎనిమిది డిగ్రీల్లో మామూలు కష్టం కాదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, మీటర్‌ని కూలర్‌కి మరీ దగ్గర పెడితే తడి వల్ల తప్పు చూపిస్తది, గదికి అవతలి మూలన పెట్టి చూడండి.

ఇంట్లో మనం చేసుకునే పొగ కూడా తక్కువ లేదు. తాలింపు వేసినప్పుడు, ఎండు మిరపకాయలు వేయించినప్పుడు నంబర్ పైకి పోయి పావుగంటలో దిగుతది, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఇంకా తొందరగా. దోమల కాయిల్ మాత్రం ఘోరం, వెలిగించిన గదిలో రాత్రంతా దిగనే దిగదు. ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే పీఎం 2.5 బరువు 75 నుంచి 137 సిగరెట్ల దాంతో సమానమని 2003లో వచ్చిన ఒక స్టడీలో ఉంది, కిటికీలు మూసుకుని కాయిల్ పెట్టుకుంటే బయట గడ్డి పొగ కన్నా మన మంచం కింది పొగే ఎక్కువ. మా ఇంట్లో కాయిల్ మానేసి దోమతెర కట్టినం.

ఈ మీటర్ కొని రైతుల మీదికి కొట్లాటకి పోయేవాళ్లుంటే ఒక మాట. మా ఇంట్లోనూ పొలం ఉంది. మిషన్‌తో కోస్తే కొయ్యలు మోకాలెత్తున నిలబడే ఉంటయి, గడ్డి చిందరవందరగా పడుతది, పశువులు తగ్గిపోయినయి కాబట్టి మోసుకుపోయేవాళ్లు లేరు, యాసంగి నార్లు పోసే టైం ముంచుకొస్తది, అగ్గిపెట్టె ఒక్కటే అగ్గువ. నష్టం రైతుకే, ఒక టన్ను గడ్డి కాలిస్తే దాంట్లో ఉన్న ఐదున్నర కిలోల నత్రజని, ఇరవై ఐదు కిలోల దాకా పొటాష్ పోయినట్టే అని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే లెక్క, అయినా సరే గడ్డి కట్టలు కట్టే మిషన్ టైంకి దొరక్కపోతే ఏం చేస్తడు? నంబర్ చూపించాల్సింది ఆ మిషన్లు ఊరికి తెప్పించగలిగేవాళ్లకి.

ఇక మీటర్ లోపాలు. బ్యాటరీ పేరుకే, పొద్దస్తమానం ఛార్జర్‌కి తగిలించే ఉంచాలి, కరెంట్ పోతే కొన్ని గంటలే. పాత రీడింగులు దాచుకోదు, నేను గోడ క్యాలెండర్ మీద పొద్దున్న, రాత్రి నంబర్లు పెన్నుతో రాసుకున్న, అట్ల రాసినందుకే పైన చెప్పిన టైం టేబుల్ అర్థమైంది, కొంచెం ఎక్కువ పెట్టి ఫోన్‌కి కనెక్ట్ అయ్యే మోడల్ తీసుకుంటే ఈ బాధ ఉండదు. ఫార్మాల్డిహైడ్, కార్బన్ డయాక్సైడ్ అని ఇంకో రెండు నంబర్లు చూపిస్తది, అగర్‌బత్తికీ దోసెల పిండి వాసనకీ ఒకే రకంగా ఎగురుతయి, వాటిని చూడుడే మానేసిన. కోతలప్పుడు దుమ్ముకి ఫ్యాన్ రంధ్రాలు పూడుకుపోయి నంబర్ తప్పు చూపించింది, మెత్తని బ్రష్‌తో తుడిస్తే సరైంది, నెలకొకసారి తుడవాలి, తడిగుడ్డ పెట్టొద్దు. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే ఒక్కసారి కూడా ఎత్తలే, సర్వీస్ ఉంటదని ఆశ పెట్టుకోకండి.

పొగని పట్టడంలో ఐదుకి నాలుగున్నర ఇస్తా, దుమ్ము బూడిద విషయంలో ఒకటి కూడా ఎక్కువే, మొత్తం మీద నాలుగు. బండి మీద తిరిగేవాళ్లు ఇది కొనే పైసలతో ముందు ఎన్95 మాస్కులు కొనుక్కోండి, మొహానికి దస్తీ కట్టుకుంటే దుమ్ము ఆగుతది గానీ ఈ పొగ ఆగదు. కొనాలనుకుంటే మాత్రం ఆగస్టు సెప్టెంబర్‌లోనే కొనండి, నవంబర్‌లో ఢిల్లీ గాలి వార్తలతో పాటు వీటి గిరాకీ కూడా పెరుగుతది. ఇంకోటి, కోతలకి ముందు కొన్ని వారాలు మామూలు గాలిలో నడిపిస్తే మీ ఇంటి మామూలు నంబర్ ఎంతో మీకు తెలుస్తది, తర్వాత పొగ వచ్చినప్పుడు దేంతో పోల్చుకోవాలో వెతుక్కునే పని ఉండదు.